గొడవకు ముందే వాక్యం సరిచూసుకోండి: ఇంట్లో వాదనలకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంట్లో వాదనలు చాలావరకు అసలు విషయం దగ్గర చెడవు, ఆ విషయాన్ని ఎత్తిన తీరు దగ్గర చెడతాయి. "అమ్మకి మందులు తెచ్చావా?" అని అడగొచ్చు. "ఈసారి కూడా మందులు మర్చిపోయుంటావుగా?" అని కూడా అడగొచ్చు. అడిగినవాళ్లకు కావాల్సింది మందులే. కానీ రెండో ప్రశ్నకు మందుల గురించి జవాబు రాదు. "ఇంతకుముందు నేనెప్పుడు మర్చిపోయాను?" అని వస్తుంది. ఆ తర్వాత పోయిన సంక్రాంతి, అంతకుముందు గృహప్రవేశం, అన్నీ బయటికొస్తాయి. మందుల సంగతి అక్కడే ఆగిపోతుంది.

తీయగా మాట్లాడటం నేర్పడానికి ఇది రాయడం లేదు. తీయగా మాట్లాడుతూనే ఎదుటి మనిషిని తొక్కేయొచ్చు. ఒక వాక్యం తప్పు ఎవరి మీద వేస్తోంది, ఎవరిని లోపల ఉంచి ఎవరిని బయట నిలబెడుతోంది, దేన్ని లాభంగా, దేన్ని నష్టంగా చూపిస్తోంది? ఇవి గమనించి, నోరు తెరిచే ముందే సరిచేసుకోవడం ఎలాగో అంచెలంచెలుగా చెప్తాను.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. తెనాలి దగ్గర ఊళ్లో ఇల్లు. నాన్న లేరు. అమ్మ ఒక్కతే ఉంటోంది. పెద్దది అక్క, గుంటూరులో ఉంటుంది, వారం వారం వచ్చి అమ్మని చూసి వెళ్తుంది. అన్నయ్య హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. ఇల్లు అమ్మేసి అమ్మని హైదరాబాద్ తీసుకెళ్లాలని అన్నయ్య అంటాడు. ఇల్లు అమ్మకూడదని తమ్ముడు అంటాడు. ఊళ్ల పేర్లు మార్చుకుంటే ఇలాంటి కుటుంబాలు మనకు ఎన్నో తెలుసు.

1. చెప్పాలనుకున్నది ముందు కాగితం మీద రాయండి

ఫోన్ చేసే ముందు, మీ ఫిర్యాదు ఒక్క వాక్యంలో రాసుకోండి. మంచిగా రాయాలని చూడకండి, మనసులో ఉన్నది ఉన్నట్టు రాయండి. అన్నయ్య రాసుకునేది ఇలా ఉండొచ్చు: "తమ్ముడికి అమ్మ అంటే పట్టింపు లేదు, అంతా నా నెత్తిన వేసి అక్కడ హాయిగా ఉన్నాడు."

ఇప్పుడు ఆ వాక్యంలో కంటికి కనిపించేవి ఏవి, మీరు కలిపినవి ఏవి అని విడదీయండి. "పట్టింపు లేదు", "హాయిగా ఉన్నాడు", "నెత్తిన వేశాడు" అన్నవి అన్నయ్య తీర్పులు. కంటికి కనిపించేది ఏమిటి? పోయిన రెండు నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ సెలవు పెట్టింది అన్నయ్యే. ఖర్చు లెక్క పంపితే తమ్ముడి నుంచి జవాబు రాలేదు. ఇవి ఇద్దరూ ఒప్పుకోగలిగిన విషయాలు. తీర్పులు తప్పని నేను అనడం లేదు. బహుశా తమ్ముడికి నిజంగానే పట్టింపు లేదేమో. కానీ సంభాషణ తీర్పుతో మొదలైతే తమ్ముడు తన మనసు గురించి వాదిస్తాడు. విషయంతో మొదలైతే లెక్కకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

"ఎప్పుడూ", "ఎప్పుడు చూసినా", "ఒక్కసారైనా" అన్న మాటలు కనిపిస్తే కొట్టేయండి. వాటికి ఎదుటివాళ్ల దగ్గర ఒక్క ఉదాహరణ ఉంటే చాలు, మీ వాదన మొత్తం పడిపోతుంది.

2. వాక్యంలో కర్త ఎవరో చూడండి

"గ్లాసు పగిలింది." "గ్లాసు పగలగొట్టావు." జరిగింది ఒకటే. మొదటి దాంట్లో మనిషి లేడు, రెండో దాంట్లో నేరస్థుడు ఉన్నాడు. తెలుగులో ఇలాంటి జంటలు కావాల్సినన్ని ఉన్నాయి. పాలు పొంగిపోయాయి, పాలు పొంగబెట్టేశావు. తాళం పోయింది, తాళం పోగొట్టావు. ఆలస్యమైంది, ఆలస్యం చేశావు. కోపంలో ఉన్నప్పుడు మన నోటికి రెండోదే ముందొస్తుంది. తప్పు మనదైనప్పుడు మొదటిది వస్తుంది.

ఈ తేడా వినేవాళ్ల మీద ఎంత పనిచేస్తుందో పరిశోధకులు కొలిచారు. 2004లో అమెరికాలో ఒక పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో జస్టిన్ టింబర్‌లేక్, జానెట్ జాక్సన్ పాట కార్యక్రమం చేస్తుండగా ఆమె దుస్తులు చిరిగిన సంఘటన జరిగింది. కెయిట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ ఈ సంఘటన మీదే ఒక అధ్యయనం చేసి 2010లో ప్రచురించారు. కొంతమందికి "అతను దుస్తులు చింపాడు" అన్న అర్థం వచ్చే వర్ణన ఇచ్చారు, మరికొంతమందికి "దుస్తులు చిరిగాయి" అని ఇచ్చారు. వీడియో చూసినవాళ్లలో కూడా తేడా వచ్చింది. "చింపాడు" అని చదివినవాళ్లు వేయమన్న జరిమానా 53 శాతం ఎక్కువ. కళ్లతో చూసినదాన్ని కూడా ఒక క్రియాపదం పక్కకు లాగింది.

ఇంకా పాతది, 1974 నాటిది, ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం. కార్ల ప్రమాదం వీడియో చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. "తాకినప్పుడు" అన్నంత మెత్తని మాట వాడి అడిగితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు. "గుద్ది నుజ్జయినప్పుడు" అన్నంత గట్టి మాట వాడితే 40.8. మరో గుంపుకు వారం తర్వాత, పగిలిన గాజు కనిపించిందా అని అడిగారు. వీడియోలో పగిలిన గాజు లేనే లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది కనిపించిందన్నారు. మరో మాట విన్న 50 మందిలో అలా అన్నది ఏడుగురే. గొడవలో మనం వాడే క్రియ రేపటికి ఎదుటివాళ్ల జ్ఞాపకం కూడా అవుతుందన్న మాట. మన జ్ఞాపకం కూడా.

ఇంట్లో దీన్ని వాడటం తేలిక. ఎదుటివాళ్ల చిన్న పొరపాటు గురించి చెప్పేటప్పుడు మనిషిని పక్కనపెట్టి జరిగినది చెప్పండి: "కరెంటు బిల్లు కట్టడం దాటిపోయింది, ఇవాళ కడదామా?" మీ పొరపాటు చెప్పేటప్పుడు మాత్రం మిమ్మల్ని కర్తగా పెట్టండి: "బిల్లు కట్టడం నేను మర్చిపోయాను." మనం సాధారణంగా చేసేది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. "ఏదో జరిగిపోయింది" అనే మనిషి మీద ఇంట్లో వాళ్లకు నమ్మకం పోవడానికి కారణం కూడా అదే.

3. మనం, మేము, మీ వాళ్లు

తెలుగువాళ్లకు ఒక సదుపాయం ఉంది. "మనం" అంటే వినేవాళ్లు లోపల ఉంటారు, "మేము" అంటే బయట ఉంటారు. కాబట్టి మన నోటి నుంచి వచ్చే ప్రతి బహువచనం ఎదుటివాళ్లు ఏ వైపున ఉన్నారో చెప్పేస్తుంది. అన్నయ్య తమ్ముడికి ఫోన్ చేసి "మేం ఒక నిర్ణయానికి వచ్చాం" అన్నాడనుకోండి. ఆ నిర్ణయం ఏమిటో వినకముందే తమ్ముడు బయటివాడైపోయాడు. "మనం ఒకటి తేల్చుకోవాలి" అంటే అదే ఫోన్ వేరేగా నడుస్తుంది.

భార్యాభర్తల మధ్య ఇది ఇంకా పదునుగా ఉంటుంది. మామూలు రోజుల్లో "అత్తయ్య" అని పిలిచే మనిషే గొడవ రోజు "మీ అమ్మ" అవుతుంది. బిడ్డకు క్లాసులో ఫస్ట్ వస్తే "నా కూతురు", గోడ మీద పెన్నుతో గీస్తే "నీ కూతురు చూడు ఏం చేసిందో". సరదాగా అన్నప్పుడు పర్లేదు. కోపంలో అన్నప్పుడు మాత్రం అది చిన్న మాట కాదు, పక్కన ఉన్న పిల్లకు కూడా అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక. "మనం" ముసుగుగా కూడా పనికొస్తుంది. ఆఫీసులో "మనం ఈ ఆదివారం కూర్చుని ఇది పూర్తి చేయాలి" అన్న మేనేజర్ ఆదివారం రాకపోవచ్చు. ఇంట్లో "మనమే అమ్మని చూసుకోవాలి" అన్న కొడుకు మనసులో ఉన్నది తన భార్య కావచ్చు. "మనం" అన్నాక ఎవరు, ఏ రోజు, ఏ పని అన్నది పేర్లతో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ మాట అనకపోవడమే నిజాయితీ.

4. పెట్టిన పేరే తీర్పు అవుతుంది

ఈ అంచె దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఇళ్లల్లో ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

"అమ్మని ఎవరు ఉంచుకుంటారు?" వయసైన తల్లి గురించి అన్నదమ్ములు మాట్లాడుకునేటప్పుడు ఈ ప్రశ్న ఎంత మామూలుగా వినిపిస్తుందో గమనించండి. ఈ వాక్యంలో అమ్మ ఏమీ చేయదు. ఆమెను ఒకరు ఉంచుకుంటారు, ఇంకొకరు పంపిస్తారు, నెలలు పంచుకుంటారు. ఇలా అడిగాక వచ్చే జవాబులన్నీ ఎవరికి ఎంత ఇబ్బంది అన్న లెక్కలోనే ఉంటాయి. ప్రశ్న మార్చి చూడండి: "అమ్మ ఎక్కడ ఉంటానంటోంది? అందుకు మనం ఏం చేయాలి?" అమ్మ కర్త అయ్యింది. ఇక ఆమెను అడగకుండా మాట సాగదు. ఆమె "నా ఇల్లు, నా పెరడు, నేనిక్కడే ఉంటాను" అంటే అన్నయ్య లెక్క మొత్తం మారిపోవచ్చు. తమ్ముడిది కూడా మారుతుంది, ఎందుకంటే ఇల్లు అమ్మకూడదని అనడంతో సరిపోదు, ఆ ఇంట్లో ఆమెకు తోడు ఎవరో అతనూ చెప్పాలి.

రెండో ఉదాహరణ ఆస్తి. అక్కకు ఇచ్చేదాన్ని మన ఇళ్లల్లో "పసుపుకుంకుమల కింద ఏదో ఒకటి ఇద్దాం" అంటారు. ఆ మాట అన్నాక ఎంత ఇచ్చినా అది అన్నదమ్ముల మంచితనం. అడిగితే అక్క ఆశపోతు. "అక్క వాటా" అంటే చాలు, అడగడం అన్నది మామూలు విషయమైపోతుంది. చట్టం ఏం చెప్తోందో చూడండి. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. నాన్నమ్మ కూడా లేకపోతే ఈ ఇంట్లో అమ్మకు, ముగ్గురు పిల్లలకు తలా నాలుగో వంతు. పిత్రార్జితంలో పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలోనే వచ్చింది. దేశమంతటా, పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా, 2005 సవరణతో వచ్చింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. ఇన్ని జరిగినా చాలా ఇళ్లల్లో మాట మారలేదు కాబట్టి లెక్క కూడా మారలేదు.

అక్క స్థానంలో మీరుంటే, గొడవ పడకుండానే పేరు మార్చొచ్చు. తమ్ముడు "అక్కా, నీకేం ఇమ్మంటావు?" అని అడిగితే, "ఇవ్వడం సంగతి తర్వాత, నలుగురి వాటాలు ముందు కాగితం మీద రాద్దాం తమ్ముడూ. ఆ తర్వాత నాది నేను ఉంచుకుంటానా, అమ్మకి రాస్తానా అన్నది నేను చెప్తాను" అనండి. ఇందులో ఒక్క కటువైన మాట లేదు, అయినా చర్చ వేరే నేల మీద నిలబడింది.

5. అంకె విన్నప్పుడల్లా తిరగేసి చెప్పించుకోండి

1981లో ఏమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ ప్రచురించిన ప్రశ్న చాలామందికి తెలిసిందే. ఒక రోగం వల్ల 600 మంది చనిపోయే ప్రమాదం ఉంది. మొదటి పద్ధతిలో 200 మంది కచ్చితంగా బతుకుతారు. రెండో పద్ధతిలో మూడింట ఒక వంతు అవకాశంతో అందరూ బతుకుతారు, లేదంటే ఎవరూ బతకరు. 72 శాతం మంది మొదటిది ఎంచుకున్నారు. అదే మొదటి పద్ధతిని "400 మంది చనిపోతారు" అని చెప్పి మరో గుంపును అడిగితే దాన్ని ఎంచుకున్నది 22 శాతమే. 1982లో ఇలాంటిదే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ గురించి అడిగారు. నూటికి 90 మంది బతుకుతారన్నప్పుడు ఆపరేషన్ వైపు మొగ్గినంతగా, నూటికి 10 మంది చనిపోతారన్నప్పుడు మొగ్గలేదు. ఆ తేడా డాక్టర్లలోనూ కనిపించింది.

కాబట్టి అమ్మకు బైపాస్ అవసరమని డాక్టర్ చెప్పినప్పుడు, "సక్సెస్ రేటు ఇంత" అన్న మాట విని ఊరుకోకండి, భయపడి పారిపోకండి. "డాక్టర్ గారూ, ఈ వయసులో వందమందికి చేస్తే ఎంతమంది బాగవుతారు, ఎంతమందికి ఇబ్బంది వస్తుంది, చేయించకపోతే వందమందిలో ఏమవుతుంది?" అని మూడూ అడగండి. ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు కూడా మూడూ చెప్పండి. మీకు ఆపరేషన్ ఇష్టం కాబట్టి ఒక అంకె, అన్నయ్యకు ఇష్టం లేదు కాబట్టి ఇంకో అంకె, ఇలా చెరొకటి పట్టుకుంటే గొడవ అమ్మ ఆరోగ్యం మీద జరగదు.

6. జవాబు కావాలంటే ప్రశ్నను తెరిచి ఉంచండి

"ఎందుకు చేశావు?" అన్న ప్రశ్నకు మన ఇళ్లల్లో సంజాయిషీ అన్న అర్థమే ఉంది. చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్న తర్వాత ఏం వస్తుందో అందరికీ తెలుసు. అందుకే దానికి వచ్చేది సాకు, లేదా మౌనం. "ఏమైంది?", "ఎలా జరిగింది?" అని అడిగితే కథ వస్తుంది.

2007లో జాన్ హెరిటేజ్ బృందం అమెరికాలో క్లినిక్‌లలో ఒక చిన్న మార్పు చేసి చూసింది. కొందరు డాక్టర్లు, రోగిని "ఇంకేమైనా ఉన్నాయా?" అన్న ధోరణిలో అడిగారు. మరికొందరు "ఇంకా కొన్ని ఉన్నాయా?" అన్న ధోరణిలో అడిగారు. ఇంగ్లిష్‌లో తేడా ఒకే ఒక పదం. రెండో పద్ధతిలో, రోగులు చెప్పుకోకుండా వెళ్లిపోయిన సమస్యలు 78 శాతం తగ్గాయి. మొదటి పద్ధతి వల్ల చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. తెలుగులో నేను చూసినంతలో "ఇంకేమైనా ఉందా?" అన్నప్పుడు "ఏం లేదులే" అన్నదే వస్తుంది. అమ్మతో "ఇంకా ఏమేం ఇబ్బందిగా ఉంది, అన్నీ చెప్పు, రాసుకుంటాను" అనండి. మోకాళ్ల నొప్పి తర్వాత, రాత్రి నిద్ర పట్టని సంగతి, అక్క దగ్గర కూడా దాచిన సంగతి అప్పుడు బయటికొస్తాయి.

7. మొదటి మూడు నిమిషాలు, చివరి ముక్క

సిబిల్ కారేర్, జాన్ గాట్‌మన్ 124 కొత్త జంటలు గొడవపడే విషయం మాట్లాడుకుంటుండగా రికార్డు చేసి, 1999లో ఫలితాలు ప్రచురించారు. మొదటి మూడు నిమిషాలు ఎలా నడిచాయో చూస్తే చాలు, వచ్చే ఆరేళ్లలో ఏ జంటలు విడిపోతాయో చాలావరకు అంచనా కట్టగలిగారు. మన పనికి ఇందులో ఉన్నది ఇంతే: కాగితం మీద సరిచేసుకున్న వాక్యాన్ని సంభాషణ మధ్యలో దాచుకోకండి, మొదటే వాడండి.

"కానీ" విషయంలో కూడా జాగ్రత్త. "అక్క అమ్మని బాగా చూసుకుంటోంది కానీ డబ్బు లెక్క చెప్పదు." "అక్క డబ్బు లెక్క చెప్పదు కానీ అమ్మని బాగా చూసుకుంటోంది." రెండింటిలోనూ అవే ముక్కలు. చివర వచ్చినదే వినేవాళ్ల దగ్గర మిగులుతుంది. మీరు నిజంగా ఏది ముఖ్యమనుకుంటున్నారో అది చివర పెట్టండి.

8. ఎదుటివాళ్లు వేసిన చట్రంలోకి వెళ్లకండి

"నీకు మీ అమ్మ ముఖ్యమా, నేను ముఖ్యమా?" దీనికి సరైన జవాబు లేదు. ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకొద్దు, ఆ ప్రశ్న వెనక ఏముందో చెప్పండి: "ఈ నెలంతా నేను అమ్మ కోసం ఊరికి తిరుగుతూనే ఉన్నాను, నీతో కూర్చోలేదు. దాని గురించేనా?" అలాగే ఎవరైనా "నువ్వు పిసినారివి" అంటే "నేను పిసినారిని కాను" అనకండి. ఆ మాట మీ నోటితో మరోసారి వినిపించడం తప్ప ఏమీ జరగదు. "అమ్మ ఖర్చుకు నెలకు ఎంతవుతోందో చూద్దాం, నేను ఎంత పెట్టగలనో చెప్తాను" అనండి.

"అమ్మాలి", "అమ్మకూడదు" అన్న దగ్గర ఇరుక్కుంటే, ఇల్లు అమ్మితే మీకు తీరే అవసరం ఏమిటో ఒకరినొకరు అడగండి. అన్నయ్యకు కావాల్సింది ఫ్లాట్ అప్పు తీర్చుకోవడం కావచ్చు. తమ్ముడికి కావాల్సింది తిరిగొస్తే ఊళ్లో కాలుపెట్టడానికి చోటు కావచ్చు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. తమ్ముడు అన్నయ్య వాటా కొనుక్కోవచ్చు.

9. వాట్సాప్‌లో వద్దు

ఫ్యామిలీ గ్రూపులో "సరే" అన్న ఒక్క ముక్కను కోపంగా చదవొచ్చు, ఒప్పుకోలుగా చదవొచ్చు. అంగీకారాలు, లెక్కలు, తేదీలు గ్రూపులో పెట్టండి. అసమ్మతి ఉంటే ఫోన్ చేయండి, డాలస్‌లో టైమ్ ఎంతయిందో చూసుకుని.

10. మాట జారాక

"నీకు బాధ కలిగుంటే సారీ" అన్నది క్షమాపణ కాదు. బాధ కలిగిందో లేదో అన్న అనుమానాన్ని ఎదుటివాళ్ల మీద పెట్టడం అది. రెండో అంచెలో చెప్పినట్టు, మిమ్మల్ని కర్తగా పెట్టండి: "అక్క ముందు నిన్ను ఆ మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది." అక్కడ ఆగండి. ఆ వెంటనే "కానీ నువ్వు కూడా" అని మొదలుపెడితే ముందు చెప్పినదంతా పోతుంది.

ఇదంతా ఎదుటివాళ్లను లొంగదీసుకునే తంత్రంగా వాడొచ్చు కదా అని అడగొచ్చు. వాడొచ్చు, వాడుతున్నారు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఈ మాట నేను ఎందుకు ఎంచుకున్నానో ఎదుటి మనిషికి చెప్పగలనా? "నీ మీద తప్పు వేయకూడదని అలా అన్నాను" అని చెప్పగలను. "నీ వాటా నీకు గుర్తురాకూడదని పసుపుకుంకుమ అన్నాను" అని ఏ తమ్ముడూ చెప్పలేడు.

ఈ పద్ధతి వాడకూడని చోటు

మనిషిని వాక్యం నుంచి తీసేయడం పాలు పొంగినప్పుడు మంచిది. దెబ్బ తగిలినప్పుడు కాదు. "కోపంలో చేయి చేసుకున్నాడు" అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అంటుంటారు. అది కొట్టడమే. "కొట్టాడు" అనే అనాలి. కర్త ఉండాలి, క్రియ ఉన్నది ఉన్నట్టు ఉండాలి, ఎన్నిసార్లు అన్నదీ ఉండాలి. "సర్దుకుపోమ్మా" అన్న మాటలో సర్దుకోవాల్సింది దెబ్బలు తిన్న మనిషి అవుతోంది. ఇంట్లో జరిగే హింస మీద 2005లో వచ్చిన చట్టం కొట్టడాన్నే కాదు, తిట్లను, బెదిరింపులను, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే చూస్తుంది. కూతురో, చెల్లెలో ఫోన్ చేసి "ఏదో చిన్న గొడవ" అని ఆగిపోతే, "ఏమైంది, మొదటి నుంచి చెప్పు, నేను వింటున్నాను" అనండి. ఆమె చెప్పిన మాటల్నే తేదీలతో రాసి పెట్టండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి, ప్రమాదం అప్పటికప్పుడు ఉంటే 112కి ఫోన్ చేయొచ్చని కూడా చెప్పండి.